నాలుగు రోడ్ల ఊరు: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

జాతీయ రహదారి కూడలిలో పెరిగిన చిన్న ఊళ్లలో నివసించే పాఠకులు తమ సందేహాలను రాసి పంపవలసిందిగా గత నెల ఈ శీర్షికలో కోరాను. వచ్చిన ఉత్తరాలలో గోదావరి డెల్టా నుంచి వచ్చినవే ఎక్కువ. నేను పుట్టి పెరిగింది కూడా అటువంటి ఊరిలోనే. మా నాన్నగారి కిరాణా కొట్టు నాలుగు రోడ్ల సెంటరులో, బస్సులు ఆగే చోటికి ఎదురుగా ఉండేది. అందుచేత ఈ సమాధానాలలో ఆ ఊళ్ల పట్ల నాకున్న మమకారం కనబడితే పాఠకులు మన్నించాలి. ఎక్కువ మంది అడిగిన విషయాలను ఎంచుకుని, ఉత్తరాలను కొంత కుదించి, రాసినవారి పేర్లు లేకుండా ఇస్తున్నాను.

ప్రశ్న: మా చిన్నతనంలో శివాలయం, చెరువు, కరణంగారి వీధి, ఇదే ఊరంటే. రోడ్డు మీద ఒక రావిచెట్టు, ఒక టీ పాక తప్ప మరేమీ ఉండేవి కావు. ఇప్పుడు బ్యాంకు, ఆసుపత్రి, బట్టల కొట్లు అన్నీ సెంటరుకు చేరాయి. పాత ఊరిలో సాయంత్రం ఆరు దాటితే వీధిలో మనిషి కనబడడం లేదు. ఇది సహజమేనా?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, కొత్తపేట మండలం

మాస్టారూ, డెల్టాలో ఊరు చోటు మారడం ఇది మొదటిసారి కాదు. సర్ ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట పొలాలకు నీరిచ్చినట్లే జనానికి దారి కూడా ఇచ్చింది. ఆ కాలువలను సాగుకూ పడవల రాకపోకలకూ పనికివచ్చేలా తవ్వించారు. ఏలూరు కాలువ గోదావరిని కృష్ణతో కలిపింది. ధాన్యం, కొబ్బరి, కలప, పెళ్లివారు, అందరూ అన్నీ పడవ మీదనే వెళ్లేవారు. నీటి మట్టం మారే చోట లాకులు కట్టారు. పడవ లోపలికి రాగానే వెనుక తలుపులు మూసి, నీరు ఎక్కేవరకో దిగేవరకో ఆపి, ఆ తరువాత ముందు తలుపులు తెరిచేవారు. ఆ ఆగిన కాసేపట్లో ప్రయాణికుడికి దాహం వేస్తుంది, ఆకలి వేస్తుంది, పిల్లలు మారాం చేస్తారు. లాకుల పక్కన అటుకులు, అరటిపళ్లు, చుట్టలు అమ్మే బడ్డీలు అలాగే పుట్టాయి. మధ్య డెల్టా ప్రధాన కాలువ లొల్ల లాకుల దగ్గర కోనసీమలోని పి.గన్నవరం వైపుకూ అమలాపురం వైపుకూ చీలుతుంది. నీటి దారుల కాలంలో అదొక నాలుగు రోడ్ల సెంటరు.

తరువాత బస్సులు, లారీలు వచ్చాయి. గోదావరి పాయలపై వంతెనలు లేచాయి. వంతెన లేని చోట ప్రయాణం రేవు దగ్గర ఆగుతుంది. నరసాపురం, సఖినేటిపల్లి రేవుల మధ్య పంటు (మనుషులనూ బళ్లనూ ఏరు దాటించే పెద్ద పడవ) కోసం ఎండలో నిలబడినవారికి, రేవు చుట్టూ టీ కొట్లు ఎందుకు వెలుస్తాయో నేను చెప్పనవసరం లేదు. వంతెన వచ్చాక ఆ ఆగడం రేవును విడిచి, దారులు విడిపోయే కూడలికి చేరుతుంది. కోల్‌కతా నుంచి చెన్నై పోయే 16వ నంబరు జాతీయ రహదారి, మనం ఇప్పటికీ అలవాటుగా ఐదో నంబరు రోడ్డు అనేది, జొన్నాడ దగ్గర గౌతమీ పాయను దాటి రావులపాలెంలో దిగి, సిద్ధాంతం దగ్గర వశిష్ఠ పాయను దాటి తణుకు వైపు సాగిపోతుంది. కొత్తపేట, అంబాజీపేట, అమలాపురం పోవలసినవారు రావులపాలెంలోనే మలుపు తిరగాలి. దానిని కోనసీమ ముఖద్వారం అనడం ఇందువల్లనే.

కాబట్టి అంగడి సెంటరుకు తరలిపోవడం సహజం. దానిని ఆపాలని ప్రయత్నించడం వృథా ప్రయాస. కాని పాఠశాలను, గ్రంథాలయాన్ని, పంచాయతీ కార్యాలయాన్ని కూడా రహదారి అంచుకు తరలించడం మాత్రం పొరపాటని నా గట్టి అభిప్రాయం. అంగడికి దారినపోయేవారు కావాలి. బడికి వీధి చాలు. మీ ఊరిలో ఇంకా ఏదైనా తరలించే ప్రతిపాదన ఉంటే, గ్రామసభలో లేచి మాట్లాడవలసినవారిలో మీరు మొదటివారు.

ప్రశ్న: మాది లంక పొలం. తెల్లవారుజామున గెలలు కోసి, సైకిలుకు కట్టుకుని, ఏటిగట్టు మీదుగా మార్కెట్టుకు తెస్తాము. మార్కెట్టు పెద్ద రోడ్డు పక్కనే ఉండడం వల్ల రద్దీ పెరిగిందనీ, దూరంగా మార్చాలనీ కొందరు అంటున్నారు. అలా మారిస్తే మావంటి చిన్న రైతుల గతి ఏమిటి?
– అరటి రైతు, రావులపాలెం మండలం

మీ మార్కెట్టును నేను చాలాసార్లు చూశాను. సైకిలు క్యారియరుకు రెండు వైపులా గెలలు వేలాడుతుంటే రైతు ఎక్కి తొక్కడు, హ్యాండిలు పట్టుకుని నడిపించుకుంటూ వస్తాడు. గెల గెలకు తగలకుండా మధ్య ఎండుటాకు పెడతాడు, ఎందుకంటే ఒరుసుకున్న కాయ మర్నాటికి నల్లబడుతుంది, నల్లబడిన అత్తం (గెలలోని ఒక వరుస కాయలు) చూపించి కొనేవాడు గెల మొత్తానికి ధర తగ్గిస్తాడు. కర్పూరం ఒక వరుసలో, చక్కెరకేళి మరొక వరుసలో, కూరకు వాడే బొంత ఇంకొక వైపు నేల మీద పరుచుకుని ఉంటాయి. బేరం కిలోల లెక్కన కాదు, గెల లెక్కన. ఒక చేత్తో గెలను లేపి చూసి ధర చెప్పే అనుభవం అక్కడి వ్యాపారులది.

మార్కెట్టు అక్కడే ఎందుకు నిలదొక్కుకున్నదో గుర్తుంచుకుంటే మీ ప్రశ్నకు సగం సమాధానం దొరుకుతుంది. కోసిన గెల ఆగదు. ఒడిశాకో తమిళనాడుకో పోవలసిన లారీ గెలలు నింపుకున్న వెంటనే రహదారి ఎక్కాలి. లంకల నుంచి వచ్చే సైకిలుకు దగ్గరగా, దూరం పోయే లారీకి కూడా దగ్గరగా ఉండే చోటు కూడలి ఒక్కటే. మార్చడం తప్పనిసరి అయితే, మార్చే చోటు లారీకి ఎంత అనువుగా ఉంటుందన్నది అందరూ అడుగుతారు. సైకిలుకు ఎంత దూరమవుతుందన్నది మీరు అడగాలి. నాలుగు గెలల రైతుకు రెండు మైళ్లు పెరిగితే ఆటో కిరాయి పెరుగుతుంది, ఆ కిరాయి గెల ధరలోంచే పోతుంది. రద్దీ తగ్గించడానికి నాకు తోచిన మార్గం మార్కెట్టును కదల్చడం కన్నా లారీలు నిలిచే చోటును కదల్చడం. ఖాళీ లారీలు వేరొక చోట ఆగి, వంతు వచ్చినప్పుడే లోపలికి వచ్చే ఏర్పాటు ఉంటే రోడ్డు చాలావరకు తెరిపిన పడుతుంది.

ప్రశ్న: మా సెంటరులో ఫ్లైఓవరు కట్టబోతున్నారని చెబుతున్నారు. మా ఆయనా నేనూ పద్దెనిమిదేళ్లుగా రోడ్డు పక్కన టిఫిను హోటలు నడుపుతున్నాము. బళ్లన్నీ పైనుంచి పోతే మా దగ్గర తినేది ఎవరు? స్థలం అద్దెది. యజమానికి నష్టపరిహారం వస్తుందట, మాకు ఏమీ రాదట. ఇద్దరు ఆడపిల్లలు చదువుకుంటున్నారు. నిద్ర పట్టడం లేదండీ.
– గృహిణి, ఆలమూరు మండలం

అమ్మా, మీ ఉత్తరం చదివి నేను కూడా చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. మీ ప్రశ్నలో రెండు భయాలున్నాయి. గిరాకీ సంగతి మొదట చెబుతాను.

మా ఊరిలో రెండు వరుసల రోడ్డును నాలుగు వరుసలు చేసినప్పుడు మధ్యన డివైడరు వచ్చింది. మా కొట్టు ముందు పందిరీ అరుగూ పోయాయి. ఎదురు వైపు దిగిన ప్రయాణికుడు మా వైపు రాలేకపోయాడు. అప్పుడు మా నాన్నగారు ఒక పని చేశారు. ఒక నెల రోజులపాటు, కొట్టుకు వచ్చిన ప్రతివారి గురించి పద్దుల పుస్తకం వెనుక పేజీలలో ఒక గీత గీసేవారు. దారినపోయేవారికి ఒక వైపు, చుట్టుపక్కల ఊళ్లవారికి మరొక వైపు. నెల తిరిగేసరికి రెండో వైపు గీతలే మూడింతలున్నాయి. అన్నేళ్లుగా రోడ్డు మీద పోయే బండే తమను పోషిస్తున్నదని ఆయన అనుకున్నారు. నిజానికి పోషించినది, బస్సు దిగి మరొక బస్సు కోసం ఎదురుచూసే పక్క ఊళ్ల మనిషి. ఆయన మరునెల నుంచి సిగరెట్లు, శీతల పానీయాలు తగ్గించి, పప్పులు, బెల్లం, విత్తనాలు పెంచారు. కొట్టు నిలిచింది.

మీరు కూడా ఒక నెల అలా లెక్క చూసుకోండి. తెల్లవారుజామున నాలుగింటికి మీ పెనం వేడెక్కేసరికి వచ్చేవారు ఎవరు? కూరగాయల మార్కెట్టుకు బస్తాలు దింపే కూలీలు, మొదటి బస్సు డ్రైవరు, కండక్టరు, కడియపులంక నర్సరీలలో పనికి పోయే ఆడవాళ్లు, ఆసుపత్రికి బయలుదేరిన ముసలివారు. వీరెవరూ ఫ్లైఓవరు ఎక్కరు, వీరు దిగేది కిందనే. విశాఖపట్నం నుంచి విజయవాడ పోయే కారు ఆగకపోవచ్చు. ఆ కారుల మీదనే ఆధారపడిన పెద్ద హోటళ్లకు, పూతరేకులు, కాజాల కొట్లకు దెబ్బ గట్టిగానే తగులుతుంది. దానిని నేను తక్కువ చేసి చెప్పను. కాని పెసరట్టు మీద అల్లం ముక్కలు ఎవరికి ఎక్కువ వేయాలో, ఎవరికి ఉల్లి వద్దో తెలిసిన హోటలుకు ఆధారం వేరు. మీకు నిజమైన గండం కట్టుబడి సాగే రెండు మూడేళ్లు. దుమ్ము, గోతులు, దారి మళ్లింపులు, బస్సులు మరొక చోట ఆగడం, వీటివల్ల పాత గిరాకీ చెదురుతుంది. బస్సులు ఎక్కడికి మారితే ఉదయం పూట కనీసం ఒక తోపుడు బండితోనైనా అక్కడ ఉండే ఏర్పాటు ఇప్పటినుంచే చూసుకోండి.

ఇక నష్టపరిహారం. జాతీయ రహదారికి భూమి తీసుకునేది 1956 నాటి జాతీయ రహదారుల చట్టం కింద. మొదట 3ఎ సెక్షను ప్రకటన వస్తుంది. దానిని రెండు స్థానిక పత్రికలలో, అందులో ఒకటి ప్రాంతీయ భాషలో, ప్రచురించాలి. ఆ ప్రకటన వెలువడిన 21 రోజులలోగా భూమిలో హక్కు, ప్రయోజనం ఉన్నవారు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పుకోవచ్చు. ఆ తరువాత 3డి ప్రకటన వస్తే భూమి కేంద్ర ప్రభుత్వానికి చేరిపోతుంది. పరిహారం తక్కువ అనిపిస్తే మధ్యవర్తి దగ్గర విన్నవించుకునే అవకాశం 3జి సెక్షనులో ఉంది. 2013 నాటి భూసేకరణ చట్టంలోని పరిహార, పునరావాస సూత్రాలు 2015 నుంచి జాతీయ రహదారుల భూసేకరణకు కూడా వర్తిస్తున్నాయి. మార్కెట్టు విలువపై నూరు శాతం అదనంగా ఇచ్చే సొలేషియం అందులోనిదే, కాని అది స్థలం యజమానికి చెందుతుంది.

“మాకు ఏమీ రాదు” అని మీకు చెప్పినవారు మాత్రం సగమే చెప్పారు. ఆ 2013 చట్టం “బాధిత కుటుంబం” అన్న మాటకు ఇచ్చిన అర్థంలో భూమి యజమానులే కాక, భూసేకరణకు ముందు మూడేళ్లుగా ఆ భూమి మీదనే ప్రధానంగా బతుకుతున్న అద్దెదారులు కూడా ఉన్నారు. చేతివృత్తులవారికి, చిన్న వ్యాపారులకు ఒకసారి ఇచ్చే సాయం 25,000 రూపాయలకు తగ్గకూడదని అదే చట్టం రెండో షెడ్యూలులో ఉంది. పద్దెనిమిదేళ్ల నష్టానికి అది ఎంతమాత్రం సరిపోదని నాకు తెలుసు, అయినా హక్కు హక్కే. దానిని రుజువు చేసేది కాగితం. అద్దె ఒప్పందం, కరెంటు బిల్లులు, పంచాయతీకి కట్టిన పన్ను రసీదులు, ఆహార లైసెన్సు, గ్యాసు బిల్లులు, ఏళ్ల వారీగా ఒక సంచిలో వేసి ఉంచండి. యజమానితో ఒప్పందం నోటిమాట మీదనే సాగుతుంటే ఈ వారంలోనే కాగితం మీద పెట్టించుకోండి. హోటలు ఉన్న చోటులో కొంత భాగం రహదారి స్థలంలోకే వచ్చి ఉంటే ఆ మేరకు పరిహారం అడగడం కష్టం. 2002 నాటి చట్టం ప్రకారం అటువంటి ఆక్రమణలను నోటీసు ఇచ్చి తొలగించే అధికారం రహదారి అధికారులకు ఉంది. కాబట్టి సర్వేయరు చేత కొలిపించుకుని హద్దు ఎక్కడో ముందు తెలుసుకోవడం మంచిది. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో మహిళలకు న్యాయ సహాయం ఉచితం, ఆదాయంతో నిమిత్తం లేదు. ఫీజు భయంతో ఆగిపోకండి.

ప్రశ్న: మా ఇల్లు రోడ్డుకు ఒక వైపు, రామాలయం, పాలకేంద్రం మరొక వైపు. మా అత్తగారికి అరవై ఎనిమిదేళ్లు. రోజూ పొద్దున్నే రోడ్డు దాటి వెళ్లనిదే ఆవిడకు తోచదు. మొన్న మా వీధిలోని ఒకాయనను తెల్లవారుజామున బండి గుద్ది ఆగకుండా పోయింది. పోలీసు కేసుల భయంతో ఎవరూ ముట్టుకోలేదు. ఏం చేయాలో చెప్పండి.
– పాఠకురాలు, పెరవలి మండలం

ఈ ఊళ్లలో నన్ను అన్నిటికన్నా ఎక్కువ బాధపెట్టే విషయం ఇదే. కనుక కొంచెం లెక్క చెప్పి మొదలుపెడతాను. నాలుగు వరుసల రహదారిలో డివైడరుకు ఒక వైపు రోడ్డు వెడల్పు ఏడు మీటర్లు. మీ అత్తగారి వయసువారు చీర కుచ్చెళ్లు పట్టుకుని, చేతిలో పాలగిన్నెతో నడిస్తే ఆ ఏడు మీటర్లు దాటడానికి పది సెకన్లు పడుతుంది. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి ఒక్క సెకనులో 22 మీటర్లు వస్తుంది, పది సెకన్లలో 220 మీటర్లు. అంటే ఆవిడ అడుగు వేసేటప్పుడు బండి రెండు వందల ఇరవై మీటర్ల దూరంలో ఉన్నా ఆవిడ దాటేసరికి పక్కకు వచ్చేస్తుంది. తెల్లవారుజామున, మంచులో, అంత దూరంలోని లైట్లు చూసి దూరం అంచనా కట్టడం పడుచువారికే సాధ్యం కాదు. పెద్దవారు తొందరగా నడవలేకపోవడం తప్పు కాదు. వారు నడిచే ఊరి మధ్యన ఆ వేగంతో బండి పోనివ్వడం తప్పు.

మీ అత్తగారికి మీరు చెప్పవలసిన మాటలు ఇవి. ఒకే పరుగున రెండు వైపులా దాటకూడదు, డివైడరు దగ్గర ఆగి, రెండో వైపు మళ్లీ చూసుకుని దాటాలి. డివైడరును పగులగొట్టి చేసిన సందులోంచి కాకుండా, వంద గజాలు ఎక్కువైనా సిగ్నలో అండర్‌పాసో ఉన్న చోటే దాటాలి. చీకటి వేళ లేత రంగు చీర కట్టుకోవాలి. ఇవి చెప్పినా ఆవిడ వినకపోతే, కొన్నాళ్లు మీలో ఒకరు వెంట వెళ్లండి. పిల్లలు వెళ్తే ఇంకా మంచిది, వారికి కూడా దాటడం నేర్పినట్లవుతుంది.

గాయపడిన మనిషిని ముట్టుకోవడానికి భయపడడం గురించి. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణలో 134ఎ అనే సెక్షను చేరింది. దాని ప్రకారం, ప్రమాదంలో చిక్కుకున్నవారికి మంచి మనసుతో సాయపడిన వ్యక్తిపై, ఆ సాయంలో ఏదైనా లోపం జరిగినా సరే, సివిలు కేసు గాని క్రిమినలు కేసు గాని పెట్టడానికి వీలు లేదు. ఆసుపత్రిలో చేర్చినవారు తమ పేరు, చిరునామా చెప్పవలసిన నిర్బంధం కూడా లేదు. సాక్ష్యం చెప్పడం వారి ఇష్టం. ఈ ఒక్క విషయం మీ సెంటరులోని ప్రతి ఆటో డ్రైవరుకూ తెలియాలి, ఎందుకంటే ప్రమాదం జరిగిన చోటికి అందరికన్నా ముందు చేరేది వారే. 108కి ఫోను చేయడం అందరికీ తెలుసు. జాతీయ రహదారిపై అయితే 1033 అనే నంబరు కూడా రాత్రింబవళ్లు పనిచేస్తుంది.

గుద్ది పారిపోయిన బండి ఏదో తెలియకపోయినా కుటుంబానికి పరిహారం ఉంది. 2022 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న పథకం ప్రకారం మరణిస్తే 2 లక్షల రూపాయలు, తీవ్రంగా గాయపడితే 50,000 రూపాయలు. ఎఫ్ఐఆర్, వైద్య పత్రాలతో రెవెన్యూ అధికారికి దరఖాస్తు చేసుకోవాలి. 2025 మేలో కేంద్రం ప్రకటించిన మరొక పథకం కింద రోడ్డు ప్రమాద బాధితులకు, గుర్తించిన ఆసుపత్రులలో, ఏడు రోజులలోపు లక్షన్నర రూపాయల వరకు చికిత్స నగదు కట్టకుండా అందాలి. మీ వీధిలోని ఆయన కుటుంబానికి ఈ సమాధానం చదివి వినిపించండి.

ప్రశ్న: కోత సమయంలో మావాళ్లు సర్వీసు రోడ్డు మీద ధాన్యం ఆరబోస్తారు. రాత్రి బరకాలు కప్పి చుట్టూ రాళ్లు పెడతారు. మోటారు సైకిలు మీద వచ్చేవారు ఆ రాళ్లకు తగిలి పడుతున్నారు. ఇది తప్పు కాదా?
– డిగ్రీ విద్యార్థి, తణుకు

తప్పే. కాని ఆ రైతు ఎందుకు అక్కడికి వచ్చాడో కూడా తెలుసుకోవాలి. కొనుగోలు కేంద్రంలో ధాన్యంలో తేమ 17 శాతానికి మించితే తీసుకోరు. ఇప్పుడు కోత యంత్రంతో, పనలు పొలంలో ఆరే వ్యవధి లేకుండా, పచ్చి గింజ నేరుగా ట్రాక్టరులోకి పడుతున్నది. పూర్వం ప్రతి ఊరి చివరా ఉమ్మడి కళ్లాలు ఉండేవి, వాటిలో చాలావరకు ఇళ్ల స్థలాలుగా, చేపల చెరువులుగా మారిపోయాయి. సార్వా (ఖరీఫ్) కోతలప్పుడు తుపాను మబ్బు పట్టిందంటే ఊరి మొత్తానికి వేడెక్కిన గట్టి నేల రోడ్డు ఒక్కటే. మీరు చేయగలిగినది ఒకటుంది. రాళ్లకు బదులు ఇసుక నింపిన గోనె సంచులు పెట్టమని, వాటిపై రాత్రి మెరిసే రేకులు అంటించమని మీ స్నేహితులతో కలిసి ఒక సాయంత్రం రైతులకు చెప్పి చూడండి. చదువుకున్న పిల్లలు దగ్గరికి వచ్చి మర్యాదగా చెబితే మన రైతులు వింటారు.

ప్రశ్న: సెంటరులో మద్యం దుకాణం రోడ్డుకు ఎంత దూరంలో ఉండాలి?
– పాఠకుడు, ఉంగుటూరు

సుప్రీంకోర్టు 2016 డిసెంబరు తీర్పులో జాతీయ, రాష్ట్ర రహదారుల నుంచి 500 మీటర్లు అన్నది. 2017 మార్చి 31న, జనాభా 20,000 మించని స్థానిక సంస్థల పరిధిలో దానిని 220 మీటర్లకు తగ్గించింది. మీది పంచాయతీ అయితే జనాభా చూసుకుని, కొలిపించి, ఎక్సైజు అధికారులకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి.

ప్రశ్న: కోనసీమకు రైలు వస్తే మా కూడలి ఊళ్లకు ప్రాధాన్యం పోతుందా?
– పోటీ పరీక్షల అభ్యర్థి, అంబాజీపేట

కాకినాడ నుంచి కోటిపల్లి దాకా 1928లో వేసిన రైలు మార్గానికి రెండో ప్రపంచ యుద్ధ కాలంలో పట్టాలు తీసేశారు. 2004లో ఆ మార్గం తిరిగి ప్రాణం పోసుకున్నది. దానిని నరసాపురం వరకు పొడిగించాలంటే గౌతమి, వైనతేయ, వశిష్ఠ మూడు పాయలనూ దాటాలి. రైలు వచ్చినా స్టేషను నుంచి ఇంటికి చేర్చేది బస్సూ ఆటోనే కనుక, రోడ్డు కూడలికి పని తగ్గదు. దూర ప్రయాణికులు కొందరు తగ్గుతారు, అంతే.

ప్రశ్న: బదిలీ మీద ఈ ఊరు వచ్చి ఏడాదిన్నర అయింది. ఇక్కడ అందరూ ఎక్కడికో పోతున్నవారే, ఎవరూ ఉండేవారు కారనిపిస్తుంది. సొంత ఊరిలో ఉన్నట్లు పలకరించేవారు లేరు. ఇటువంటి ఊరు ఎప్పటికైనా మనది అవుతుందా?
– ఉద్యోగిని, రావులపాలెం

మీ బాధ నాకు అర్థమయింది, ఎందుకంటే మా అమ్మ కూడా కాపురానికి వచ్చిన కొత్తలో ఇదే మాట అనేదట. అయితే కూడలి ఊరి పలకరింపు పల్లెటూరి పలకరింపులా ఉండదు. పల్లెలో మీరు ఎవరి అమ్మాయో తెలిశాక పలకరిస్తారు. ఇక్కడ ఏ ఊరి బస్సు కోసం చూస్తున్నారో అడిగి పలకరిస్తారు. “ఎక్కడికండీ? అమలాపురం బండి ఇప్పుడే పోయిందండీ, కూర్చోండి, ఇంకో అరగంటకు వస్తుందండీ.” మీరు బహుశా దీనిని సమాచారంగా విని ఉంటారు. చెప్పేవారు మాత్రం పలకరింపుగానే అంటారు.

బాటసారిని చూసే ఆ పద్ధతికి ఈ నేలలో లోతైన వేళ్లున్నాయి. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారు (1841–1909) పాయలు దాటి, లంకలు దాటి అలసి వచ్చినవారికి, కులం అడగకుండా, వేళ చూడకుండా అన్నం వండి పెట్టారు. పి.గన్నవరం దగ్గర వైనతేయ మీద కట్టిన కొత్త అక్విడక్టుకు (నది మీదుగా కాలువను దాటించే వంతెనకు) ఆమె పేరే పెట్టుకున్నాము.

చిన్నప్పుడు మా సెంటరులో నేను చూసిన ఒక రాత్రి చెబుతాను. వానాకాలం. ఆఖరి బస్సు వెళ్లిపోయింది. చంటిబిడ్డతో ఒకావిడ, చేతిలో రేకు పెట్టెతో నిలబడిపోయింది. ఎదురు టీ కొట్టాయన అప్పటికే పొయ్యి ఆర్పి, బల్లలు ఎత్తిపెట్టి, తలుపు చెక్కలు ఒకటొకటే బిగిస్తున్నాడు. ఆవిడను చూసి ఏమీ అడగకుండా రెండు చెక్కలు తిరిగి తీసి, ఒక బల్ల దించి, లాంతరు వత్తి పెంచి, మా అమ్మను పిలిచాడు. మా అమ్మ గిన్నెలో పాలు వెచ్చబెట్టి తీసుకువెళ్లింది. తెల్లవారి మొదటి బస్సు వచ్చేవరకు అమ్మ ఆవిడ పక్కనే కూర్చున్నది. ఆవిడ పేరు ఏమిటని నేను అడిగితే, “అడగలేదురా, బిడ్డ పేరు మాత్రం చెప్పింది” అన్నది.

మీరు ఒక శనివారం సెలవు పెట్టుకుని, తెల్లవారుజామున వాడపల్లి వెంకన్న దర్శనానికి వెళ్లే జనం ఆటోలు మారే చోటికి రండి. ఏడు శనివారాల మొక్కుతో వచ్చేవారికి దారి చెప్పడానికి, ముసలివారిని ఆటో ఎక్కించడానికి అక్కడ ఎప్పుడూ చేతులు చాలవు. పలకరించేవారి కోసం ఎదురుచూడకుండా, మీరే ఒకరికి ఆటో చూపించండి. రెండో శనివారానికి టీ కొట్టాయన మీకు చక్కెర ఎంత వేయాలో అడగడు.